పైకప్పు సెగ, ఏసీ బిల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు పై అంతస్తులో కాపురముండేవాళ్ళవే. అది సహజం. మే రెండో వారంలో హైదరాబాద్ అక్షాంశాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు గోడల మీద కంటే కప్పు మీదే ఎండ ఎక్కువ పడుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది. అందుకే జవాబుల్లో కూడా స్లాబుకే ఎక్కువ చోటిచ్చాం.

గుంటూరు నుంచి: మాది మేడ మీద రెండు పడగ్గదుల ఇల్లు. పైన ఖాళీ డాబా. రాత్రి పదకొండు దాటినా స్లాబు సెగలు కక్కుతూనే ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిని చల్లబరచడానికి రెండు గంటలు తీసుకుంటోంది. షాపులో రెండు టన్నులది తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

వద్దండీ. ముందు ఈ లెక్క చూడండి. మీ గది 12 అడుగులకు 12 అడుగులు అనుకుందాం, అంటే దాదాపు 13.4 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం సిమెంటు రంగు డాబా పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. కింద గదిని 26 దగ్గర ఉంచాలని మీ ప్రయత్నం. 5 అంగుళాల స్లాబు వేడికి పెద్దగా అడ్డుపడదు. ఎండ ముదిరినప్పుడు చదరపు మీటరుకు దాదాపు 140 వాట్ల చొప్పున వేడి దిగుతుంది. గది మొత్తానికి 1,900 వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ తోడగలిగేది 5,200 వాట్లు. అంటే మూడో వంతుకు పైగా ఏసీ శక్తి ఒక్క కప్పుతో పోరాడడానికే పోతోంది. రెండు టన్నులది పెడితే ఆ పోరాటానికి ఇంకొంచెం కరెంటు పోస్తారంతే.

రాత్రి దాకా సెగ ఎందుకంటే, స్లాబు వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. పైన పడిన వేడి కింది ముఖానికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం ఐదారు గంటలకు కప్పు అడుగుభాగం బాగా కాలుతుంది. లోపల నిలవ ఉన్న వేడి ఆ తర్వాత అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. మీరు ఏసీ వేసే సమయం సరిగ్గా అదే.

మొదటి పని డాబాని తెల్లగా చేయడం. తెల్లటి పూత పడితే పైభాగం వేడి 45 డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది, దిగే వేడి దాదాపు సగమవుతుంది. దీనికి రెండు దారులున్నాయి.

చవకైన దారి సున్నం. రాతి సున్నం కిలోకి 5 లీటర్ల నీళ్ళ చొప్పున ఇనుప డ్రమ్ములో నానబెట్టండి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, సున్నం ఉడికినప్పుడు కరిగిపోతుంది. కళ్ళజోడు, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి పోవద్దు. ఒక రాత్రి ఆగి పల్చటి గుడ్డతో వడగట్టి, 10 కిలోల సున్నానికి అర కిలో నుంచి కిలో దాకా డిస్టెంపర్లలో వాడే తెల్ల జిగురు కలపండి. జిగురు లేని సున్నం నడిచిన ప్రతి కాలికీ అంటుకుని వారంలోనే లేచిపోతుంది. డాబాని ముందు నీళ్ళతో తడిపి, తడి మీదే మూడు పల్చటి పూతలు వేయాలి. ఒకే చిక్కటి పూత వేస్తే పొలుసులుగా రాలుతుంది. ఎంత బాగా వేసినా ఒక వానాకాలం దాటితే చాలావరకు కొట్టుకుపోతుంది, కాబట్టి ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్ళీ వేసుకోవాలి.

రెండో దారి కూల్ రూఫ్ పెయింట్, అంటే సాగే గుణమున్న యాక్రిలిక్ పూత. సున్నానికి తడి కావాలి, దీనికి పొడి కావాలి. మేస్త్రీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నాచు, పాత పొరలు తీగ బ్రష్‌తో గీకి, కడిగి, కనీసం రెండు రోజులు ఆరనివ్వండి. పగుళ్ళని వి ఆకారంలో తవ్వి, దుమ్ము ఊదేసి, క్రాక్ ఫిల్లర్ కూరండి. తర్వాత ప్రైమర్, దాని మీద రెండు పూతలు. మొదటిది తూర్పు పడమరలుగా వేస్తే రెండోది ఉత్తర దక్షిణాలుగా వేయాలి. మధ్యలో నాలుగు నుంచి ఆరు గంటల విరామం ఇవ్వండి. మిట్టమధ్యాహ్నం కాలే స్లాబు మీద వేస్తే పైపొర ముందే ఆరి, అడుగున తడి చిక్కుకుని బుడగలు లేస్తాయి. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వేయండి. రెండు పూతలకి కలిపి లీటరుకి 25 నుంచి 35 చదరపు అడుగులు వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల డాబాకి 30 నుంచి 40 లీటర్లు. ఎవరైనా 20 లీటర్లతో అయిపోతుందంటే నీళ్ళు కలపబోతున్నాడని అర్థం.

గోడలకి వేసే తెల్ల ఎమల్షన్ డాబాకి పనికిరాదు. నిలిచిన నీళ్ళు, నడక రెండూ అది తట్టుకోదు. పెయింట్ డబ్బా మీద ఎస్ఆర్ఐ అనే సంఖ్య చూడండి. ఎండని తిప్పికొట్టడం, తనలోని వేడిని ఆకాశానికి వదిలేయడం, ఈ రెండింటినీ కలిపి చెప్పే అంకె అది. ఎంత ఎక్కువైతే అంత మంచిది, 100 దాటినవి దొరుకుతున్నాయి. దుమ్ము పేరుకుంటే అంకె పడిపోతుంది, కాబట్టి మార్చి మొదట్లో ఒకసారి చీపురుతో కడిగించండి.

హైదరాబాద్, కొంపల్లి నుంచి: సొంత ఇల్లు, వెయ్యి చదరపు అడుగుల డాబా. తెల్ల పెయింట్ వేశాం, మార్పు తెలిసింది. ఇప్పుడు శాశ్వతంగా ఇన్సులేషన్ చేయించాలనుకుంటున్నాం. ఒకాయన పఫ్ (పాలీయూరిథేన్ నురగ) స్ప్రే చేస్తానంటున్నాడు, ఇంకొకాయన బోర్డులు పరిచి పైన కాంక్రీటు పోస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఏ పని తర్వాత ఏది చేయాలో కూడా చెప్పండి.

వేడిని ఆపడంలో ఇద్దరిదీ మంచి సరుకే. పఫ్ ఇంకాస్త మెరుగు కూడా. అయినా డాబా మీద నడిచేవాళ్ళకి, వడియాలు పెట్టేవాళ్ళకి, బట్టలారేసేవాళ్ళకి మేం బోర్డులే చెబుతాం.

పఫ్ స్ప్రే అక్కడికక్కడే నురగలా పొంగి గట్టిపడుతుంది. అతుకులుండవు, అది దాని బలం. సాంద్రత ఘనపు మీటరుకి 40 నుంచి 45 కిలోలుండాలి. తక్కువుంటే కాలి కింద నలుగుతుంది. కానీ స్లాబులో తేమ ఉంటే నురగ అంటుకోదు, ఉబ్బి లేస్తుంది. రెండడుగుల పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున దాని అడుగున నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. ఇంకో సంగతి, పఫ్‌కి ఎండ పడదు. పైపూత లేకుండా వదిలేస్తే గోధుమ రంగుకి తిరిగి పొడిగా రాలుతుంది. కాబట్టి దాని మీదా కాంక్రీటు పొర తప్పదు. ఎప్పుడైనా కారితే నీళ్ళు నురగ అడుగునే ప్రయాణించి ఇంకెక్కడో దిగుతాయి. కారే చోటు దొరకడమే కష్టం.

బోర్డు అంటే ఎక్స్‌పీఎస్, గట్టి పాలీస్టైరిన్ నురగ పలక. సాధారణంగా నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వస్తుంది. తెల్లగా గుండ్లు గుండ్లుగా ఉండే థర్మాకోల్ కాదు. థర్మాకోల్ నీళ్ళు పీలుస్తుంది, ఎక్స్‌పీఎస్ దాదాపు పీల్చదు. సాంద్రత ఘనపు మీటరుకి 32 నుంచి 35 కిలోలు, మందం 50 మిల్లీమీటర్లు. పై ప్రశ్నలో చెప్పిన 140 వాట్లు దీంతో 20 వాట్లకు దిగుతాయి. 12కి 12 గదికి 1,900 వాట్లు పోయి 270 మిగులుతాయి.

పని క్రమం ఇదీ. ముందు పాత పొరలు, వదులైన ప్లాస్టరు తీసేయండి. నీటి వాలు చూడండి, వంద అడుగులకి కనీసం ఒక అడుగు చొప్పున వాన గొట్టం వైపు ఉండాలి. లేకపోతే ముందే సిమెంటుతో వాలు తీయాలి, బోర్డులు పరిచాక వాలు తీయలేం. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా తిప్పండి. ఆపైన వాటర్ ప్రూఫింగ్. బిటుమెన్ మెంబ్రేన్ అయితే పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎక్కించాలి. 10 చదరపు మీటర్ల చుట్టలు మీ డాబాకి 12 లేదా 13 పడతాయి. ఒక్కో అతుకు దగ్గర నాలుగు అంగుళాలు ఒకదానిపై ఒకటి ఎక్కాలి. తర్వాత గొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్ళు రెండు రోజులు నిలబెట్టి, కింద తడి మరకలున్నాయేమో చూడండి. ఈ పరీక్ష చేయనివ్వని కాంట్రాక్టరుకి పని ఇవ్వకండి.

నీళ్ళు తీసి ఆరాక బోర్డులు. 1250 బై 600 మిల్లీమీటర్ల బోర్డులు తరుగుతో కలిపి 130 కావాలి. ఇటుకల్లా జోడు మార్చి, సందు లేకుండా పరచాలి. అంచుల్లో మెట్టున్న బోర్డులైతే ఇంకా మంచిది. మంటతో అంటించే మెంబ్రేన్ పని బోర్డులు రాకముందే ముగియాలి. మంట తగిలితే ఎక్స్‌పీఎస్ కరిగి గుంటలు పడుతుంది. పెట్రోలు వాసనొచ్చే జిగుర్లు కూడా దాన్ని తినేస్తాయి. బోర్డుల మీద నేయని రకం జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ పైన రెండంగుళాల కాంక్రీటు. 1:1.5:3 పాళ్ళు, 12 మిల్లీమీటర్లు మించని కంకర. మీ డాబాకి నాలుగున్నర ఘనపు మీటర్లకు పైగా పడుతుంది, సిమెంటు దాదాపు 37 బస్తాలు. కోడి వల గాని వెల్డెడ్ మెష్ గాని పొర మధ్యలో ఉండాలి. నేలకి ఆనించి పోస్తే ఉన్నా లేనట్టే. రెండు మూడు మీటర్లకొక గాడి తీసి పీయూ సీలెంట్ నింపండి. లేకుంటే మొదటి ఎండకే ఇష్టమొచ్చినట్టు పగుళ్ళిస్తుంది. వారం రోజులు తడి గోనెలు కప్పండి. చివర్లో తెల్ల టైల్స్ గాని, విరిచిన తెల్ల సిరామిక్ ముక్కలు గాని, మళ్ళీ కూల్ రూఫ్ పెయింట్ గాని.

చాలామంది మరిచిపోయే విషయం ఎత్తు. బోర్డు, కాంక్రీటు, టైలు కలిపి ఐదు అంగుళాలు లేస్తుంది. మెట్ల గది గడప అంతకంటే కిందుంటే మొదటి వానకే నీళ్ళు ఇంట్లోకొస్తాయి. వాన గొట్టం మూతి కొత్త మట్టానికి ఎత్తాలి. పిట్టగోడ కూడా అంత మేర పొట్టిదవుతుంది, పిల్లలున్న ఇల్లైతే రెండు వరసలు పెంచండి. బరువూ చూసుకోవాలి. రెండంగుళాల కాంక్రీటే చదరపు మీటరుకి 120 కిలోలు. నడవడానికి వీలున్న డాబాని మన ప్రమాణాల ప్రకారం 150 కిలోల వాడకపు భారానికి లెక్కగడతారు. పైపూతల బరువు వేరేగా లెక్కలో ఉండాలి. పాత డాబా మీద ఇప్పటికే ఇటుక ముక్కల సున్నం పొర ఉంటే దాని మీదే ఇంకో పొర వేయించకండి. అది తీయించి కొత్తది వేయించండి, లేదా ఇంజనీరుకి చూపించండి.

మరొకటి, తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023–28 ప్రకారం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలోని ఇళ్ళకి కూల్ రూఫ్ తప్పనిసరి. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం.

కరీంనగర్ నుంచి: సిమెంటు రేకుల ఇల్లు. కింద థర్మాకోల్ షీట్లు అతికిస్తే చల్లగా ఉంటుందని పక్కవాళ్ళు చెబుతున్నారు. నిజమేనా?

కొంత చల్లబడుతుంది, కానీ వద్దు. థర్మాకోల్ మంట అందుకుంటే కరిగి బొట్లు బొట్లుగా రాలుతూ నల్లటి పొగ కక్కుతుంది. రేకుల ఇంట్లో పొయ్యి, దీపం, వేలాడే కరెంటు తీగ అన్నీ ఒక్క గదిలోనే ఉంటాయి. పైగా ఎలుకలు, బల్లులు దాని వెనకే కాపురం పెడతాయి.

మీరు చేయాల్సినవి మూడు. రేకుల మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకితే, బెజ్జాలు వేస్తే దాని నార గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కాబట్టి తడిపి మెత్తటి బ్రష్‌తో కడగాలి, తీగ బ్రష్ వద్దు, ముక్కుకి మంచి మాస్కు ఉండాలి. రేకుల మీద నేరుగా నడవకుండా పలక వేసుకుని దాని మీదే నడవండి.

రెండోది అల్యూమినియం రేకు అంటించిన బబుల్ షీటు. సిమెంటు రేకు కింద దూలాలకి కట్టాలి. రేకుకీ షీటుకీ మధ్య కనీసం ఒక అంగుళం, వీలైతే నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. మెరిసే రేకు పక్కన గాలి ఉంటేనే వేడి కిరణాలని తిప్పికొట్టగలదు. సిమెంటు రేకుకి అంటించేస్తే అది ఉత్త ప్లాస్టిక్ కాగితం. ఒకవైపే మెరుపున్న షీటు కొంటే మెరుపు కిందికి చూసేలా కట్టండి. పైకి చూస్తే రెండేళ్ళలో దుమ్ము కప్పి పనిచేయడం మానేస్తుంది.

మూడోది గాలి. ఆ ఖాళీలో వేడెక్కిన గాలి బయటికి పోవడానికి గోడ పైభాగంలో రెండు చివర్లా జాలీ కిటికీలు పెట్టించండి. వేసవి మూడు నెలలకి తాటాకుతో గాని కొబ్బరాకుతో గాని చలువ పందిరి వేసుకున్నా పని జరుగుతుంది, రేకుకీ ఆకుకీ మధ్య జానెడు గాలి ఆడాలి. మంట భయం మాత్రం దీనికీ ఉంది, పొయ్యి పొగ గొట్టం పక్కన వేయకండి.

కొత్తగా డాబా మీద గది వేసుకునేవాళ్ళు ఉత్త ఇనుప రేకు బదులు 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ వేసుకుంటే ఈ పాట్లు ఉండవు.

విజయవాడ నుంచి: అపార్టుమెంటులో పై అంతస్తు, అద్దె ఇల్లు. డాబా మాది కాదు. లోపల జిప్సం సీలింగ్ వేయిస్తే బిల్లు తగ్గుతుందా?

ఉత్త జిప్సం సీలింగు, పైన ఆరంగుళాల ఖాళీ, వీటితో దిగే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది. అదే సీలింగు మీద 50 మిల్లీమీటర్ల గ్లాస్ ఊల్ పరిస్తే ఏడో వంతుకి తగ్గుతుంది. ఊల్ ఖర్చు సీలింగు మొత్తంలో చిన్న భాగమే. కాని అలంకారం కోసం సీలింగు వేసేవాళ్ళు దాన్ని అడగరు, మీరే అడగాలి. రాత్రిపూట మాత్రమే ఏసీ వేసేవాళ్ళకి లోపలి ఇన్సులేషన్‌తో ఒక లాభముంది. ఏసీ స్లాబుని చల్లబరిచే పని లేకుండా నేరుగా గదినే చల్లబరుస్తుంది. నష్టం కూడా చెప్పాలి, స్లాబు ఎండకి కాలుతూనే ఉంటుంది, పగుళ్ళ బెడద తప్పదు. అది యజమాని తలనొప్పి.

పనిలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఊల్ పరిచేవాళ్ళు పూర్తి చేతుల చొక్కా, మాస్కు వేసుకోవాలి. రేకు తొడుగున్న ఊల్ తీసుకుని అతుకులకి అల్యూమినియం టేపు వేయించండి, లేకపోతే లైట్ల బెజ్జాల్లోంచి నార రాలుతుంది. ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లని ఊల్ కింద పూడ్చొద్దు, వేడికి త్వరగా పాడవుతాయి. ఫ్యాను రాడ్డు స్లాబు కొక్కేనికే ఉండాలి. ఏసీ రాగి గొట్టం సీలింగు పైనుంచి పోతుంటే దానికి నల్ల నైట్రైల్ తొడుగు ఎక్కడా చీలిక లేకుండా ఉందో లేదో చూడండి. మన విజయవాడ ఉక్కపోతలో చిన్న చీలిక చాలు, నీరు చెమర్చి కొత్త సీలింగు మీద పసుపు మరకలు పడతాయి.

అద్దె ఇంట్లో అంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే, యజమానితో మాట్లాడి సున్నం వేయించండి. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ బిగించండి. ఏసీ 24 బదులు 26 మీద పెట్టి ఫ్యాను వేయండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క.

అనంతపురం నుంచి: కొత్త ఇల్లు మొదలుపెడుతున్నాం. ఇటుకా, ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక సిమెంటు) బ్లాకా? కిటికీలకి డబుల్ గ్లాస్ అవసరమా?

ఖర్చుపెట్టే వరస ముందు కప్పు, తర్వాత పడమటి గోడ, తర్వాత కిటికీల నీడ, అన్నిటికంటే చివర అద్దం. కేంద్రం 2018లో తెచ్చిన ఇళ్ళ ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇంటి కప్పు యూ విలువ, అంటే వేడిని ఎంత దిగనిస్తుందో చెప్పే అంకె, 1.2 మించకూడదు. మామూలు స్లాబు అంతకు దాదాపు మూడింతలు ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ వేసినా ఆ గీత కిందికొస్తారు. అనంతపురం ఎండకి 50 వేయించుకోండి.

గోడల్లో 9 అంగుళాల ఇటుక గోడ యూ విలువ 2 దగ్గర, 8 అంగుళాల ఏఏసీ గోడది 0.8 దగ్గర. తేడా బాగానే ఉంది. కానీ ఏఏసీని ఇటుకలా కడితే గోడంతా పగుళ్ళే. బ్లాకులని నానబెట్టకూడదు, పైపైన తడి చేస్తే చాలు. అర అంగుళం సిమెంటు పట్టించకుండా ప్రత్యేకంగా దొరికే జిగురు 3 మిల్లీమీటర్లు వేయాలి. ప్లాస్టరుకి ముందు పిల్లరుకీ బ్లాకుకీ మధ్య ఫైబర్ మెష్ అంటించాలి. ఇవి తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే ఇటుకతోనే కట్టండి. పడమటి గోడ మాత్రం 4 అంగుళాలది కట్టకండి, ఆ వైపు మరుగుదొడ్డి, మెట్లు, సామాన్ల గది వచ్చేలా ప్లాను గీయించండి.

కిటికీకి సజ్జ దక్షిణాన బాగా పనిచేస్తుంది, పడమట పనిచేయదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా సజ్జ కిందనుంచి దూరుతుంది. అక్కడ నిలువు అడ్డాలు, లేదా కిటికీ బయట వెదురు తడిక వేలాడదీయండి. లోపలి కర్టెను ఎండని ఆపినట్టు కనిపిస్తుంది గాని అప్పటికే వేడి అద్దం దాటి గదిలోకి వచ్చేసింది. నీడ లేని డబుల్ గ్లాస్ కంటే నీడున్న మామూలు అద్దమే నయం.

ఒక మనవి. కడప నల్ల బండలు ఇంట్లో అందంగానే ఉంటాయి, డాబా మీద మాత్రం పరచకండి. నలుపు ఎండని తాగుతుంది.

నెల్లూరు నుంచి: సాయంత్రం డాబా మీద నీళ్ళు పోస్తే స్లాబు పాడవుతుందా?

మూడు గంటల ఎండలో కాలుతున్న స్లాబు మీద ఒక్కసారిగా పోస్తే వెంట్రుక పగుళ్ళు పెరుగుతాయి. పొద్దుగూకాక పోస్తే ఇబ్బంది లేదు. లీటరు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడి పట్టుకుపోతుంది, కాబట్టి పద్ధతిలో బలముంది. బక్కెట్లతో పోసింది పోసినట్టే గొట్టంలోకి పోవడం వల్ల వృథా. తడిపిన గోనె సంచులు పడగ్గది మీద వరకే పరిస్తే పావు వంతు నీళ్ళతో సరిపోతుంది. స్లాబు కారేదైతే ఈ పద్ధతి అసలు వద్దు.

రాజమండ్రి నుంచి: మధ్యాహ్నం కుళాయిలో మరిగే నీళ్ళు వస్తున్నాయి. ట్యాంకుకి ఏం చుట్టాలి?

నల్ల ట్యాంకైతే ముందు తెల్ల పెయింట్, పైన షేడ్ నెట్. చాలామంది ట్యాంకుతో ఆగిపోతారు, గొట్టాల్ని వదిలేస్తారు. డాబా మీద ఎండలో పారే సన్న గొట్టంలోని నీళ్ళే ముందు కాలేవి. 13 మిల్లీమీటర్ల నైట్రైల్ తొడుగు వేసి, ఎండకి పాడవకుండా పైన అల్యూమినియం టేపు చుట్టండి.

న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి: 1960ల నాటి ఇల్లు కొన్నాం. చలికాలం గ్యాస్ బిల్లు భరించలేకపోతున్నాం. అటకలో ఆరంగుళాల గులాబీ ఫైబర్‌గ్లాస్ ఉంది. దాని మీద ఇంకో పొర పరిస్తే సరిపోతుందా?

పరచండి, కానీ అది రెండో పని. ముందు గాలి కన్నాలు మూయాలి. మీ ఇంట్లో వెచ్చటి గాలి పైకి లేచి, అటకలోకి పోయే ప్రతి సందులోంచీ జారిపోతుంది. ఫైబర్‌గ్లాస్ గాలిని వడగడుతుంది గాని ఆపదు. ఉన్న పొర ఎత్తి చూస్తే కొన్నిచోట్ల నల్లగా దుమ్ము పట్టి ఉంటుంది. గాలి పోయే దారి అదే. గోడల పై కమ్మీలకి తీగలు దిగే బెజ్జాలు, బాత్రూం ఫ్యాను చుట్టూ, అటక తలుపు అంచులు, వీటిని స్ప్రే ఫోమ్‌తో మూయండి. పొగ గొట్టం చుట్టూ ఫోమ్ వద్దు. రేకు కత్తిరించి బిగించి, మంటని తట్టుకునే సీలెంట్ వేయాలి. పాత రకం సీలింగ్ లైట్ల మీద ఇన్సులేషన్ కప్పొచ్చని రాసి లేకపోతే కప్పకండి.

ఇప్పుడున్నది దాదాపు ఆర్-19. ఆర్ అంటే వేడిని అడ్డుకునే బలం, అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిది. మీ ప్రాంతానికి ఆర్-49 నుంచి 60 దాకా చెబుతారు. ఊదే సెల్యులోజ్ అంగుళానికి ఆర్ 3.2 నుంచి 3.8 ఇస్తుంది, అంటే ఇంకో తొమ్మిది పది అంగుళాలు. చూరు దగ్గర గాలి దారి మూసుకుపోకుండా ముందే బాఫిల్స్ (ఆ దారి తెరిచి ఉంచే పలకలు) పెట్టండి. అవి లేకపోతే కప్పు కింద తేమ పట్టి బూజొస్తుంది. ఎంత ఎత్తు నింపాలో తెలియడానికి దూలాలకి కొలబద్దలు కొట్టండి. బస్తా మీద ఉన్న పట్టిక చూసి బస్తాలు కొనండి. చాలాచోట్ల పెద్ద హార్డ్‌వేర్ స్టోర్లు నిర్ణీత బస్తాలు కొంటే ఊదే యంత్రం అద్దె లేకుండా ఇస్తాయి. దూలాల మీదే అడుగు వేయండి, మధ్యలో వేస్తే కాలు కింది గదిలో తేలుతుంది.

అటకలో బూడిద గోధుమ రంగు గుల్లల్లాంటి వర్మిక్యులైట్ కనిపిస్తే చేయి పెట్టకండి, దానిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. బాత్రూం ఫ్యాను గొట్టం, వంటింటి హుడ్ గొట్టం అటకలో ఆగిపోకుండా ఇంటి బయటికి పోతున్నాయా చూడండి. మన తాలింపులు, అన్నం ఆవిరి అటకలో చేరితే చలికి చెక్క మీద నీరవుతుంది. ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. మీ గ్యాస్, కరెంటు కంపెనీల రాయితీలు అడగండి.

ఒక సందేహం చాలామందికి వస్తుంది. అక్కడ ఆర్-49, మన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఆర్-8.6 మాత్రమే, ఇంత తేడా ఎందుకని. అక్కడ హీటరు నెలల తరబడి రాత్రింబవళ్ళు నడుస్తుంది, బయట సున్నా, లోపల ఇరవై. ఇక్కడ కొన్ని నెలలు, రోజుకి కొన్ని గంటలు. మందం రెట్టింపు చేసినప్పుడల్లా అప్పటికి ఇంకా దిగుతున్న వేడిలో దాదాపు సగమే ఆగుతుంది. మొదటి 50 మిల్లీమీటర్లు 120 వాట్లు ఆపితే, రెండో 50 మిల్లీమీటర్లు ఇంకో పది వాట్లు ఆపుతాయంతే.

నిజామాబాద్ నుంచి: చేతిలో కొంత డబ్బుంది. ఇన్సులేషన్ చేయించాలా, సోలార్ పెట్టించాలా?

ఇన్సులేషన్‌తో ఎంత మిగులుతుందో ముందు చూడండి. రాత్రి ఎనిమిది గంటలు ఏసీ నడిచే గదికి రోజుకి ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు, నెలకి 50, 60 యూనిట్లు తగ్గుతాయని లెక్క. బిల్లు స్లాబుల వారీగా ఉంటుంది కాబట్టి తగ్గేవి మీ బిల్లులోని అతి ఖరీదైన యూనిట్లు. కరెంటు పోయినప్పుడు కూడా గది చల్లగా ఉండటం అదనం. సోలార్‌కి పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30,000, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాటుకి దాదాపు వంద చదరపు అడుగుల చోటు పడుతుంది, ఆ మేర డాబాకి నీడ కూడా దొరుకుతుంది. ఒకే గదిలో ఏసీ అయితే పెయింట్‌తో మొదలుపెట్టండి. పగలంతా ఏసీలు నడిచే ఇల్లైతే సోలార్ గట్టి ఆలోచన.

రెండూ చేయించే ఉద్దేశముంటే వరస మార్చకండి. ముందు సోలార్ స్టాండ్లకి కాంక్రీటు దిమ్మెలు స్లాబు మీద కట్టించి, వాటి చుట్టూ మెంబ్రేన్ పైకి తిప్పి, తర్వాత బోర్డులు, కాంక్రీటు. పని అంతా అయ్యాక డ్రిల్లు తెచ్చి బోల్టులు దింపితే ఒక్కో బోల్టూ ఒక్కో కారే చోటవుతుంది. వాటర్ ప్రూఫింగ్ గ్యారంటీ కూడా ఆ రోజుతోనే చెల్లకుండా పోతుంది.